సాలూరు రాజేశ్వరరావు: వేగావతి ఒడ్డు నుంచి మద్రాసు స్టూడియోకు

సినీ సంగీత దర్శకుడు సాలూరు రాజేశ్వరరావు 1922 అక్టోబరులో సాలూరు దగ్గర ఉన్న శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, పాటలు కూడా రాసేవారు. ద్వారం వెంకటస్వామినాయుడి ఫిడేలు కచేరీల్లో మృదంగం వాయించిన చేయి ఆయనది. రాజేశ్వరరావుకు లయ ఇంట్లోనే అబ్బింది. అన్న హనుమంతరావు కూడా తర్వాతి కాలంలో సంగీత దర్శకుడయ్యారు.

తూర్పు కనుమల పాదాల దగ్గర, వేగావతి ఒడ్డున ఉన్న సాలూరు ఒరిస్సా కొండల వైపు సాగే వర్తకపు దారిలో ఒక మజిలీ. అంతటి చిన్న ఊళ్లో సంగీతం వేళ్లూనడానికి కారణాలున్నాయి. సాలూరు, బొబ్బిలి, విజయనగరం సంస్థానాలు దగ్గరదగ్గరగా ఉండేవి. విద్వాంసుడికి ఒక కొలువులో కాకపోతే మరో కొలువులో గౌరవం దక్కేది. వాద్యాల కోసం కూడా దూరం పోనక్కర్లేదు. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు పనసమానులో ఒకే దుంగను తొలిచి వీణ చేస్తారు. సాలూరులో పట్రాయని నరసింహశాస్త్రి, ఆయన కుమారుడు సీతారామశాస్త్రి శిష్యులకు పాఠం చెప్పేవారు. ఊరివాళ్లకు వాళ్లు పెదగురువుగారు, చినగురువుగారు.

ఈ ప్రాంతపు సంగీతానికి పెద్ద మలుపు 1919లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరంలో గానపాఠశాల పెట్టించారు. సంస్థాన ఉద్యోగి చాగంటి జోగారావు గారి చూపులేని కుమారుడికి సంగీతం చెప్పించాలన్న మాటతో ఆ ఆలోచన మొదలైందని చెబుతారు. అధ్యక్షుడిగా ఆదిభట్ల నారాయణదాసు కూర్చున్నారు. శిష్యుడిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వాయిద్యం విని, నారాయణదాసు ఆయన్ను అధ్యాపకుడిగానే పెట్టుకున్నారన్నది అక్కడ తరతరాలుగా చెప్పుకునే ముచ్చట. 1936లో ద్వారం వారే అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. పక్కవాద్యంగా మాత్రమే చూసే ఫిడేలును సోలో కచేరీకి ఎక్కించినవారిలో ఆయన ముందువరుసలోని మనిషి. గురువు ఇంటి అరుగు మీద నేర్చుకునే విద్య ఇక్కడ తరగతి, పరీక్ష, జీతం ఉన్న చదువుగా మారింది. సాలూరు చినగురువుగారు కూడా ఇక్కడే గాత్రం అధ్యాపకులయ్యారు. ఆయన దగ్గర చదువుకున్న కృష్ణాజిల్లా కుర్రవాడు ఘంటసాల వెంకటేశ్వరరావు వారాలు చేసుకుని, మధూకరం ఎత్తుకుని విద్య ముగించారు. 1935లో విజయనగరంలో పుట్టిన గాయని పి. సుశీల ద్వారం భావనారాయణరావు శిష్యురాలు.

రాజేశ్వరరావు ఈ పాఠశాలలో చదివి పట్టా పుచ్చుకున్నవారు కారు. అక్కడ చేరే వయసుకు ముందే గ్రామఫోను ఆయన్ను ఎత్తుకుపోయింది. పన్నెండేళ్ల లోపే హచిన్స్ కంపెనీ రికార్డింగు కోసం బెంగళూరు పిలిపించింది. 78 వేగంతో తిరిగే పది అంగుళాల ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పాడే వీలుంటుంది. ఆలాపన, నెరవు, స్వరకల్పన అన్నీ విస్తరించే కచేరీ పద్ధతికి అందులో చోటు లేదు. ఎత్తుగడలోనే రాగం తెలిసిపోవాలి, చరణం తిరిగి పల్లవిని అందుకునే లోపల భావం నిండాలి. పెద్ద విద్వాంసులకు ఇది సంకటంగా ఉండేది. చిన్నతనంలోనే ఈ కొలతకు అలవాటుపడిన రాజేశ్వరరావుకు అదే బలమైంది.

1935లో వేల్ పిక్చర్స్ వారి ‘శ్రీకృష్ణలీలలు’ వచ్చింది. అందులో కంసుడు వేమూరి గగ్గయ్య, బాలకృష్ణుడు రాజేశ్వరరావు. ఎవరి పాట వాళ్లే కెమెరా ముందు పాడుకోవలసిన రోజులు కనుక బొమ్మా గొంతూ రెండూ ఆయనవే. మరుసటి ఏడు ‘శశిరేఖా పరిణయం’లో అభిమన్యుడి వేషం కట్టారు.

ఆ తర్వాతి మజిలీ కలకత్తా. అక్కడి న్యూ థియేటర్స్ స్టూడియో అప్పటి భారతీయ సినీ సంగీతానికి పెద్ద బడి. తెర వెనుక పాడించే పద్ధతిని 1935లో అక్కడే వాడుకలోకి తెచ్చారు. రాయ్‌చంద్ బోరాల్, పంకజ్ మల్లిక్ వాద్యబృందాన్ని పాట వెంట నడిపే తీరు, కుందన్‌లాల్ సైగల్ మైకు దగ్గర గొంతు తగ్గించి మాట్లాడినట్టు పాడే తీరు, ఈ రెంటినీ రాజేశ్వరరావు దగ్గరనుంచి చూశారు. హిందుస్తానీ రాగాల నడక, రవీంద్ర సంగీతపు మెత్తదనం అక్కడ పరిచయమయ్యాయి. సితార్, సుర్‌బహార్, మాండొలిన్, హార్మోనియం, పియానో వంటి ఎన్నో వాద్యాల మీద ఆయనకు పట్టు కుదిరింది.

మద్రాసు తిరిగి వచ్చిన ఆయన 1939లో ‘జయప్రద’ చిత్రంతో సంగీత దర్శకుడయ్యారు. 1940లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘ఇల్లాలు’కు సంగీతం సమకూర్చి, అందులో నటించి, ఆర్. బాలసరస్వతీదేవితో కలిసి పాడారు కూడా. ఆ జంట ఇచ్చిన ప్రైవేటు రికార్డులు తెలుగు లలిత సంగీతానికి పునాదిరాళ్లు. సినిమాకు చెందని ఈ పాటల్లో కొన్నింటికి సాహిత్యం సన్యాసిరాజుది. తండ్రి మాటకు కొడుకు కట్టిన బాణీలవి. కృతికి ఉండే రాగనియమం, భావగీతానికి ఉండే సుకుమారం, కలకత్తా నుంచి తెచ్చుకున్న వాద్యాల అల్లిక ఈ మూడూ అందులో కలిశాయి. రేడియో లలితగీతాలు ఊళ్లకు పాకకముందే ఈ ప్లేట్లు గ్రామఫోనున్న ఇళ్లలో మోగాయి. ఆయన సినిమా పాటల కీర్తి ముందు వీటికి దక్కవలసినంత పేరు దక్కలేదు.

జెమినీ స్టూడియోలో ఆయన పనిచేసిన 1940ల కాలం వేరే రకం చదువు. జీతాల మీద పనిచేసే కళాకారులు, వాయిద్యగాళ్లు, రోజూ సాధన, యజమాని ఎస్.ఎస్. వాసన్ ఒప్పుకునేదాకా తిరిగి తిరిగి వాయింపు. 1942లో వచ్చిన ‘బాలనాగమ్మ’కు ఎం.డి. పార్థసారథితో కలిసి పనిచేశారు. 1948లో విడుదలైన ‘చంద్రలేఖ’ ఏళ్ల తరబడి తయారైంది. తమిళంలోనూ, హిందీలోనూ వచ్చిన ఆ చిత్రంలో పెద్ద పెద్ద ఢక్కల మీద నర్తకులు ఆడే ఘట్టం ఇప్పటికీ చూస్తున్నారు. సర్కసు సంగీతం, ఐరోపా వాల్ట్జ్ నడకలు, దక్షిణాది రాగాలు పక్కపక్కన వచ్చే ఆ చిత్రానికి సంగీతం చేయడమంటే, ఒక్క శ్రుతి మీద కూర్చున్న సంప్రదాయంలో పెరిగినవాడు స్వరసమ్మేళన శాస్త్రం ఒంటబట్టించుకోవడమే.

స్వరసమ్మేళనానికి పనికొచ్చే పియానోతో మన సంగీతానికి ఒక చిక్కు ఉంది. పియానో మెట్టు నొక్కితే స్వరం నిలకడగా పలుకుతుంది. దాన్ని ఊపలేం, జార్చలేం. గమకం లేనిదే తోడి లేదు, కాంభోజి లేదు. ఈ కారణం మీదే ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని ప్రసారాల నుంచి తీసేసి, మూడు దశాబ్దాల తర్వాత గానీ సడలించలేదు. ఫిడేలు ఐరోపాదే అయినా దాని తీగ మీద వేలు జారుతుంది కనుక కర్ణాటక సంగీతంలో సులువుగా ఇమిడిపోయింది. మెట్ల వాద్యాలకు ఆ అదృష్టం లేదు. రాజేశ్వరరావు వంటి స్వరకర్తలు దీనికి కనిపెట్టిన ఉపాయం పని పంచడం. గమకం గొంతుకూ, ఫిడేలుకూ, సితారుకూ, వేణువుకూ అప్పగించి, పియానోను లయకూ, కింద పరిచే స్వరాల గుంపుకూ, చరణాల నడుమ వచ్చే చిన్న బిట్లకూ వాడుకున్నారు. ఆ రోజుల్లో సినిమా విందు సన్నివేశమంటే నాయకుడో నాయికో పియానో ముందు కూర్చోవలసిందే. తెలుగువాళ్ల ఇళ్లలో ఉన్న పియానోల కంటే సెట్లలో ఉన్నవే ఎక్కువ అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

1951 డిసెంబరులో వాహినీ వారి ‘మల్లీశ్వరి’ విడుదలైంది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి, మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి, వాద్యబృందం బాధ్యతలో తోడు అద్దేపల్లి రామారావు. కృష్ణదేవరాయల కాలపు కథకు కల్యాణి, భీంపలాసు వంటి రాగాల్లో కట్టిన పాటలు భానుమతి, ఘంటసాల పాడారు. ఈ చిత్రంలో వాద్యాలు గొంతును ఎక్కడా మింగవు. మాట విరిగేచోట వేణువో సితారో అందుకుని, మాట మొదలవగానే తప్పుకుంటుంది. జెమినీ హంగు చూసి వచ్చిన మనిషి ఇంత నిగ్రహం పాటించడం గమనించదగ్గది. ఆయన పనిలో శిఖరం ఏదంటే ‘చంద్రలేఖ’ కాదు, ‘మల్లీశ్వరి’యే.

1954లో ‘విప్రనారాయణ’ వచ్చింది. జయదేవుడి అష్టపదిని సినిమా పాట కొలతకు తెస్తూనే దాని గౌరవం చెడకుండా కట్టారు. 1955 సంక్రాంతి రోజుల్లో విజయా వారి ‘మిస్సమ్మ’ విడుదలైంది. పింగళి నాగేంద్రరావు చమత్కారపు మాటలకు శుద్ధసావేరి, ఖరహరప్రియ వంటి రాగాలు వాడి, హాస్యచిత్రానికి శాస్త్రీయ సంగీతం బరువవుతుందన్న అపోహ పోగొట్టారు. జమున పాత్రకు పాడిన సుశీల అప్పటికి ఇరవై నిండని విజయనగరం అమ్మాయి. ఈ చిత్రాన్ని 1957లో ‘మిస్ మేరీ’గా హిందీలో తీసినప్పుడు సంగీత దర్శకుడు హేమంత్ కుమార్ అయినా, శుద్ధసావేరి పాట బాణీని మాత్రం మార్చలేదు. ఉత్తరాది శ్రోతల్లో చాలామందికి దాని పుట్టుక తెలియదు.

తర్వాతి పదేళ్లలో చిత్రాలు వరదలా వచ్చాయి. ‘చెంచులక్ష్మి’, ‘అప్పుచేసి పప్పుకూడు’, ‘భార్యాభర్తలు’, ‘ఇద్దరు మిత్రులు’, ‘కులగోత్రాలు’, ‘అమరశిల్పి జక్కన’, ‘డాక్టర్ చక్రవర్తి’. అన్నీ ఒకే ఎత్తున లేవు. 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ మాత్రం ఆయన సొంత సీమ కథ. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో విజయనగరం బొబ్బిలి కోట మీద పడిన యుద్ధం అది. ఉత్తరాంధ్రలో జంగం కథగా ఊరూరా పాడుకున్న వృత్తాంతానికి, ఆ కోటకు దగ్గరి ఊళ్లో పుట్టిన మనిషి బాణీలు కట్టారు. 1967లో ఆయన సంగీతం చేసిన ఏవీఎం ‘భక్త ప్రహ్లాద’లో నారదుడిగా నటించి పాడినవారు మంగళంపల్లి బాలమురళీకృష్ణ.

డెబ్బైల్లో వేగం, బాణీ, వాద్యం అన్నీ మారాయి. ఎలక్ట్రిక్ ఆర్గన్, ఆపైన సింథసైజరు వచ్చి పదిమంది ఫిడేలు వాద్యకారుల పని ఒక మనిషి వేళ్లకు దఖలు పరిచాయి. చిత్రమేమిటంటే, ఆ మార్పును ముందుగా అందుకున్నవారిలో రాజేశ్వరరావు ఇల్లే ఉంది. పెద్దకొడుకు రామలింగేశ్వరరావు దక్షిణాది స్టూడియోల్లో పేరున్న పియానో, ఆర్గన్ వాద్యకారుడు. పూర్ణచంద్రరావు గిటారిస్టు. వాసూరావు, కోటేశ్వరరావు సంగీత దర్శకులయ్యారు. కోటిగా పేరుపడ్డ కోటేశ్వరరావు, సంగీత దర్శకుడు టి.వి. రాజు కుమారుడు సోమరాజుతో జంటకట్టి 1980ల నుంచి రాజ్-కోటి పేరుతో తెలుగు సినిమాను దశాబ్దం పైగా ఏలారు. వాళ్ల బృందంలో కీబోర్డు దగ్గర కూర్చున్న కుర్రవాడే తర్వాత ఏ.ఆర్. రెహమాన్‌గా ప్రపంచానికి తెలిశారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం రాజేశ్వరరావుకు కళాప్రపూర్ణ ఇచ్చింది. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం అందింది. 1999 అక్టోబరులో ఆయన మద్రాసులో కన్నుమూశారు. ఉత్తరాంధ్ర సంగీత చరిత్ర రాసేవాళ్లు నారాయణదాసు దగ్గర మొదలుపెట్టి ద్వారం వారి దగ్గర ఆపడం అలవాటు. సినిమావాడన్న కారణంతో రాజేశ్వరరావును ఆ వరుసలోంచి తప్పించడం న్యాయం కాదు. పాట కొలత మార్చినా రాగాన్ని మొక్కుబడిగా వాడని స్వరకర్త ఆయన.