జంట తీగలూ, ఒంటి తీగా

మొన్న వేసవి సెలవులకు మా చెల్లెలి కూతురు బెంగుళూరు నుంచి తాడిమర్రి వచ్చింది. వస్తూ వస్తూ బట్టల పెట్టెకంటే పెద్దదైన నల్లటి సంచీ ఒకటి భుజాన వేసుకొచ్చింది.

"అదేమిటే, అంత పొడుగ్గా?" అన్నాను.

"గిటారు పెద్దమ్మా! పన్నెండు తీగలది" అంది.

ఆరు తీగల గిటారు దానికి ముందే ఉంది. ఇది ఎవరో వాడి అమ్మకానికి పెట్టినదట. పది రోజులు చూసుకుని, నచ్చకపోతే తిరిగిచ్చెయ్యొచ్చు. నచ్చితే మాత్రం పాతది అమ్మి ఆ డబ్బు దీనికి కట్టాలి. రెండూ ఉంచుకునే స్తోమత హాస్టల్లో ఉండే పిల్లకెక్కడిది? "నువ్వు వీణ నేర్చుకున్నావు కదా, ఏది బాగుందో విని చెప్పు" అంటూ తీర్పు నా నెత్తిన పెట్టింది.

నేను వీణ నేర్చుకున్న మాట నిజమే. ఆ వీణ ఇప్పుడెక్కడుందని అడిగితే మాత్రం తల దించుకోవాలి. పెళ్లినాడు మా నాన్న ఇచ్చిన వీణ, ముప్పై ఏళ్లుగా పాత దుప్పటి చుట్టుకుని అటక మీద పడుంది. మా సీమ ఎండలకు మెట్ల కింద మైనం కరిగి, గట్టిపడి, పగిలిపోయింది. ఇంటికి సున్నం వేయించినప్పుడల్లా మావారు "ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ?" అంటారు. నేను "ఈ ఏడాదికి ఉండనివ్వండి" అంటాను. అలాంటి నేనా తీర్పు చెప్పేది!

సరే, సాయంత్రం వాకిట్లో కూర్చుని వాయించింది. ఒక్కసారి మీటేసరికి ఇల్లంతా నిండిపోయింది. ఆరు తీగల గిటారు ఒకావిడ పాడినట్టుంటే, ఇది ఇద్దరు వదినలు కలిసి మంగళహారతి పాడినట్టుంది. ఇద్దరి గొంతులూ ఒకటే శ్రుతి, అయినా వెంట్రుకవాసి తేడా ఉంటుంది చూడండీ, ఆ తేడాలోనే ఒక మెరుపు. ఈ గిటారు కిటుకూ అదే. పన్నెండు తీగలంటే పన్నెండు స్వరాలు కాదు, ఆరు జంటలు. సన్నటి వైపు రెండు జంటల్లో తీగలు రెండూ ఒకే స్వరం. లావు వైపు నాలుగు జంటల్లో ఒకటి కింది స్థాయి, దాని పక్కనే సన్నది పై స్థాయి.

మన తంబురాలో మాత్రం? నాలుగు తీగల్లో నడిమి రెండూ ఒకే షడ్జం కాదూ! అవి రెండూ ఒకటైతేనే కదా తంబురా గుయ్యిమనేది. కాబట్టి జంట తీగల రుచి మనకు తెలియనిదేం కాదు.

అయితే వినడానికి ఎంత సుఖమో, వాయించడానికి అంత కష్టం. మర్నాటికి పిల్ల వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయాయి. ఒక వేలితో రెండేసి తీగలు నొక్కాలాయె. మెడ కూడా వెడల్పు, చిన్న చేతులకు అందదు. మూడో రోజు శ్రుతి చేస్తుంటే టప్పున ఒక తీగ తెగింది. అది మూడో జంటలోని సన్నతీగ. అన్నిటికంటే సన్నది అదే, తరచూ తెగేదీ అదే.

మా ధర్మవరం మగ్గాలు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పడుగు పోగులు ఎక్కువయ్యేకొద్దీ మగ్గం మీద లాగుడు పెరుగుతుంది. ఆరు తీగల గిటారు మీద ఉండే లాగుడుకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దీని మీద పడుతుంది. లోపల కట్టుబడి గట్టిగా లేకపోతే పై పలక ఉబ్బుతుంది, మెడ వంగుతుంది. అందుకే చాలామంది దీన్ని ఒక స్వరం దించి శ్రుతి చేసుకుంటారట. అసలు శ్రుతి కావాలంటే రెండో మెట్టు మీద కేపో అనే బిగింపు పెట్టుకుంటారు. మా పిల్ల కూడా అలా దించాక వేళ్లకు కాస్త ఊపిరి వచ్చింది.

ఆ ఆదివారం దాన్ని లేపాక్షి తీసుకెళ్లాను. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దాటుకుంటూ బస్సు ప్రయాణం. నాట్యమంటపంలో అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటే, మేమిద్దరం స్తంభాల మీది మేళం చూస్తూ నిలబడిపోయాం. రంభ నాట్యమాడుతోంది. బ్రహ్మ మద్దెల వాయిస్తున్నాడు. తుంబురుడి చేతిలో వీణ. అచ్యుతదేవరాయలు 1529 నుంచి 1542 దాకా ఏలాడు. పెనుకొండలో ఆయన కోశాధికారి అయిన విరూపణ్ణ, తమ్ముడు వీరణ్ణతో కలిసి కట్టించిన గుడి ఇది.

ఆ రాయల పేరు గుడి శాసనాలకే పరిమితం కాలేదు, వీణకూ అంటుకుంది. 1550లో రామామాత్యుడు, అళియ రామరాజు కోరిక మీద సంస్కృతంలో 'స్వరమేళకళానిధి' రాశాడు. అందులో తీగల శ్రుతిని బట్టి వీణలు మూడన్నాడు: శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్ర మేళ వీణ. మెట్ల అమరికను బట్టి మళ్లీ రెండు రకాలు. ఒకదాంట్లో ఏ రాగానికా రాగం మెట్లు సర్దుకోవాలి. రెండోదాంట్లో మెట్లు కదపకుండానే అన్ని రాగాలూ పలుకుతాయి. చూశారా! ఏది వాయించడానికి సులువు అన్న మా పిల్ల ప్రశ్న, 1550లోనే మనవాళ్లు వేసుకున్నదే.

1565 యుద్ధం తర్వాత విజయనగరం పాడుబడి, రాజధాని పెనుకొండకు వచ్చింది. తెలుగు విద్యలకు తంజావూరు నాయక రాజులు నీడనిచ్చారు. 1600 నుంచి 1634 దాకా ఏలిన రఘునాథ నాయకుడి కాలంలోనే వీణకు ఇరవై నాలుగు మెట్లు స్థిరపడ్డాయని చెప్పుకుంటారు. వాయించడానికి నాలుగు ఒంటి తీగలు, తాళానికి పక్కన మూడు. ఇప్పటికీ అంతే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసచెట్టు మొద్దును ఏకాండిగా తొలిచి చేసే వీణకూ అదే లెక్క.

ఆ రోజుల్లో పడమటి దేశాల్లో మాత్రం జంట తీగలదే రాజ్యం. ల్యూటు అనే వాద్యానికీ, పాత గిటారుకూ తీగలు జతలు జతలుగా ఉండేవి. ల్యూటు వాయించేవాడి ఆయుష్షంతా శ్రుతి చేసుకోవడంతోనే సరిపోతుందని 18వ శతాబ్దంలో ఒక జర్మన్ రచయిత వేళాకోళం చేశాడు కూడా. ఆ బాధ పడలేకే కాబోలు, ఆ శతాబ్దం చివరికి గిటారు ఆరు ఒంటి తీగలకు దిగింది. మళ్లీ 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో జంటలు తిరిగొచ్చాయి. లెడ్ బెల్లీ (1888–1949) అనే నల్లజాతి గాయకుడు జైల్లో ఉండగా, 1933లో జానపద గీతాలు సేకరించేవాళ్లు వచ్చి ఆయన పాట రికార్డు చేసుకున్నారు. పన్నెండు తీగల గిటారుకు ఆయనే రాజని పేరు. తీగలు బాగా దించి కట్టేవాడు. ఆయన గొంతుకు తోడుగా ఆ ఒక్క వాద్యం చాలేది.

ఇంటికొచ్చాక పిల్లతో "మోహన రాగం పలికించు చూద్దాం" అన్నాను. స్వరాలు పలికాయి. గమకం కోసం తీగను పక్కకు లాగేసరికి పేచీ వచ్చింది. జంటలో ఒకటి లావు, ఒకటి సన్నం. రెంటినీ ఒకే లాగు లాగినా రెండూ ఒకేలా పైకి పోవు. అక్కాచెల్లెళ్లు తలోదారి పట్టినట్టయింది. మా పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) గుర్తొచ్చాడు. మాండలిన్‌కు సహజంగా నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. ఆయన జంటలు విడదీసి ఒంటి తీగలు వేసుకున్నాడు, ఐదో తీగ చేర్చాడు. కరెంటు సాయంతో నాదం పోగొట్టుకోకుండా గమకం తెచ్చుకున్నాడు. పిల్లవాడి పరికరం అన్నవాళ్లే కచేరీ ముందు వరసలో కూర్చున్నారు.

"మరి తీర్పు?" అంది పిల్ల.

"నీకిది దేనికి, చెప్పు" అన్నాను.

"హాస్టల్లో పదిమందిమి కలిసి పాడతాం పెద్దమ్మా. అప్పుడు నిండుగా ఉంటుందని."

"అయితే పాటకు పన్నెండు తీగలదే బాగు. సాధనకు ఆరు తీగలదే బాగు. పాతది మాత్రం అమ్మకు. నీ చెయ్యి నేర్చుకున్నది దాని మీద. చేతికి పని నేర్పిన వాద్యాన్ని దూరం చేసుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు" అన్నాను.

అని పోపుల డబ్బాలో డబ్బు తీసి లెక్కపెట్టి దాని చేతిలో పెట్టాను. అది డబ్బు పుచ్చుకుని ఊరుకోలేదు. నిచ్చెన వేసుకుని అటకెక్కింది. దుమ్ము దులిపి వీణ దించింది. తీగలు తుప్పు పట్టాయి, మెట్లు రెండు ఊడి చేతికొచ్చాయి. కాయ మాత్రం చెక్కుచెదరలేదు. మిగిలిన సారణి తీగను భయం భయంగా మీటాను. బొంగురుగానైనా పలికింది. నాకు గొంతు పట్టేసింది, పిల్ల చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.

సెలవులయ్యాక రెండు వాద్యాలూ బెంగుళూరు బస్సెక్కాయి. అక్కడ వీణకు మేళం కట్టేవాళ్లు ఉన్నారట.

సాయంత్రం మావారు ఖాళీ అటక చూసి, "మొత్తానికి ఇచ్చేశావన్నమాట!" అన్నారు సంతోషంగా.

"ఇచ్చాను" అన్నాను. "దసరాకల్లా తిరిగొస్తుంది. ఈసారి అటక మీద కాదు, మీ పడక్కుర్చీ పక్కన పెడతాను."