చుక్క పాతదే, గొట్టమే కొత్తది

డ్రిప్పు అనగానే ఇజ్రాయెల్ పేరు చెబుతాం. అది సగమే నిజం. మొక్క మొదట్లో కొద్దికొద్దిగా నీళ్లందించడం ఆ దేశం పుట్టకముందు నుంచీ ఉంది. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్‌జీ రాసిన వ్యవసాయ గ్రంథం, పాదుల నడుమ మట్టికుండ పాతి నీళ్లు నింపమంది. కుండ గోడలోంచి నీరు ఊరుతుంది, ఎండిన మన్ను పీల్చుకుంటుంది. మన్ను తడిస్తే ఊట తగ్గుతుంది. ఇక మేఘాలయ కొండల్లో తమలపాకు, మిరియాల తోటలకు వెదురు గొట్టాల్లో ఊటనీళ్లు దించుతారు. నిమిషానికి 18-20 లీటర్లు పారే నీరు పాయలు పాయలుగా చీలి, మొక్క దగ్గరికొచ్చేసరికి 20-80 చుక్కలవుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు, వాలు చాలు.

మరి ఇజ్రాయెల్ డ్రిప్పుకు ఆద్యుడిగా చెప్పుకునే సింకా బ్లాస్ కనిపెట్టిందేమిటి? పోలండులో పుట్టి 1930లో పాలస్తీనా చేరిన ఈ ఇంజినీరుకు ఒక రైతు కంచె వెంట ఉన్న చెట్లను చూపించాడట. ఒక్క చెట్టు మాత్రం తక్కినవాటిని మించి ఏపుగా ఎదిగింది. చూస్తే దగ్గర్లోని గొట్టం అతుకు కారుతోంది. పైన తడి బెత్తెడే, తవ్వితే అడుగున ఉల్లిగడ్డ ఆకారంలో మన్నంతా తడిసి ఉంది. సంగతి అర్థమైంది గానీ, ఇనుప గొట్టాలతో పొలమంతా అలా తడపడం కుదిరే పని కాదు. ప్లాస్టిక్ చవకయ్యేదాకా పాతికేళ్లకు పైగా ఆ ఆలోచన అలాగే ఉండిపోయింది.

ప్లాస్టిక్ వచ్చినా చిక్కు తీరలేదు. బెజ్జం సన్నగా పెడితే ఇసుకరేణువు అడ్డుపడి మూసుకుపోతుంది, పెద్దదిగా పెడితే ధార కడుతుంది. బ్లాస్, ఆయన కొడుకు యెషయాహు బెజ్జాన్ని వదిలేసి దారి పొడవు పెంచారు. సన్నగొట్టాన్ని చుట్లు చుట్లుగా తిప్పితే నీరు గోడలను రాసుకుంటూ ఒత్తిడి పోగొట్టుకుని చివరికి చుక్కగా రాలుతుంది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే. 1965లో నెగెవ్ ఎడారిలోని హట్సెరిమ్ అనే కిబ్బుట్జ్‌తో (సమష్టి సేద్య గ్రామంతో) ఒప్పందం కుదిరింది, నెటాఫిమ్ సంస్థ పుట్టింది. తర్వాత చుట్లు పోయి, డ్రిప్పరు లోపలే వంకరటింకర దారులు వచ్చాయి.

మన దేశంలో ఈ గొట్టాలను 1980లలో మహారాష్ట్రలోని జల్‌గావ్ నుంచి పారిశ్రామికవేత్త భవర్‌లాల్ జైన్ ఊరూరికీ చేర్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో సూక్ష్మ సేద్య పథకం మొదలుపెట్టి సబ్సిడీ ఇచ్చింది.

బ్లాస్‌ను వేధించిన చిక్కు మాత్రం అనంతపురం చీనీ తోటల్లో ఇప్పటికీ ఉంది. ఇక్కడ అడ్డుపడేది ఇసుక ఒక్కటే కాదు, బోరునీళ్లలోని సున్నం కూడా. డ్రిప్పరు నోట్లో తెల్లగా పేరుకుంటుంది. నీళ్లలో యాసిడ్ కలిపి పైపుల్లోకి ఎక్కించి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే చివరి మూతలు తీసి వదిలితే మొదట మురికి, ఆపైన తేటనీరు వస్తుంది. ఇది మానేసిన తోటల్లో రెండు చెట్లు తడిస్తే మూడోది ఎండుతుంది, మాట పడేది డ్రిప్పు.

ఇంకో మాట. డ్రిప్పుతో నీళ్లు మిగిలాయి కదా అని రైతు అదే బోరు కింద ఇంకో ఎకరం వేస్తే భూమిలోని నీరు మిగిలినట్టేనా? అతణ్ని తప్పుపట్టలేం, ఆ ఎకరం మీదే అప్పు తీరాలి. పథకం లక్ష్యాలు కూడా హెక్టార్లలోనే రాస్తారు, బోరులో ఎన్ని అడుగుల నీరు నిలిచిందో అందులో ఉండదు.