గోలు కావలి: పీటర్ తంగరాజు

వరి కోతలు ముగిసి కుప్పలు కళ్లమునకు చేరిన దినములలో, కాకుమాను చుట్టుపట్ల పల్లెలలో, రాత్రివేళ ఒక మనిషి కళ్లములోనే కావలి పండుకొనెడివాడు. కంబళి కప్పుకొని, కర్ర ప్రక్కన పెట్టుకొని, చీమ చిటుక్కుమన్నను లేచి కూర్చుండెడివాడు. యంత్రపు కోతలు వచ్చిన పిమ్మట ఆ దృశ్యము అరుదైపోయినది గాని పెద్దలకు నేటికిని జ్ఞాపకమే. ఏమియు జరుగక తెల్లవారినచో ఆ కావలివానిని గురించి ఎవరును మాటలాడరు. ఒక్క బస్తా పోయిననాడు మాత్రము ఊరంతయు ఆతనినే ప్రశ్నించును. లోకములో కొన్ని పనులకు ఇది సహజధర్మము. అవి చక్కగా జరిగినంత కాలము కంటికి కనబడవు.

ఫుట్‌బాలు ఆటలో గోల్‌కీపరు పని ఇట్టిదే. గోలు వేసినవాని పేరు మరునాటి పత్రికల కెక్కును. ఆపిన బంతులకు అంకెల పట్టికలో చోటు లేదు. పదిసార్లు ఆపి పదునొకండవసారి తప్పినచో ఆ తప్పు మాత్రమే లెక్కకు వచ్చును. అట్టి పనిలో జీవితమును గడపి, ఆసియా ఖండమున మేటి యనిపించుకొన్న ఒకానొక తెలుగునాటి బిడ్డ చరిత్రను నేడు తలచుకొనుట సముచితమని మేము భావించుచున్నాము. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో చెడుగుడు తెలియని పిల్లవాడు ఉండడు. కాని ఫుట్‌బాలు చరిత్ర తెలిసికొనగోరువారు కృష్ణ దాటి హైదరాబాదు, సికిందరాబాదు నగరములకు పోవలసినదే. మన కథానాయకుడైన పీటర్ తంగరాజు 1935 డిసెంబరు 24వ తేదీన హైదరాబాదులో జన్మించెను. పేరు తమిళము, పుట్టిన నేల మనది.

ముందుగా ఈ గోల్‌కీపరు పదవిని గురించి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1863లో ఇంగ్లండులో ఫుట్‌బాలు నిబంధనలు మొదట వ్రాయబడినపుడు వానిలో గోల్‌కీపరు ప్రసక్తియే లేదు. 1871లో ఆతనికి నిబంధనలలో స్థానము లభించినది. చేతితో బంతిని తాకు హక్కు మొదట విశాలముగానే యుండి, 1912 నుండి పెనాల్టీ ప్రాంతమునకు పరిమితమైనది. ఆతడు కాపాడవలసిన ద్వారము 24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు. మనిషి ఎంత పొడగరియైనను చేతులు చాచినచో ఆ వెడల్పులో మూడవ వంతునైనను కప్పజాలడు. మిగిలినదంతయు ఊహతోను, అడుగుల నేర్పుతోను కప్పుకొనవలసినదే. బంతి వచ్చిన తరువాత దూకువాడు సామాన్యుడు. బంతి ఎక్కడికి రానున్నదో ముందుగా గ్రహించి అక్కడ నిలుచువాడు ఉత్తముడు. అందుచేతనే ఉత్తముని పని చూచువారికి సులభముగా కనబడును.

తంగరాజు బాల్యము గడచిన కాలమున హైదరాబాదు ఫుట్‌బాలు వెలుగులోనికి వచ్చుచుండెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఉపాధ్యాయుడు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొనునట్లు చేసెను. భారత జట్టు శిక్షణభారము కూడ ఆయనకే దక్కినది. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1-0తో ఓడించి స్వర్ణపతకమును పొందెను. మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లేవియా చేతిలో 10-1తో పరాజయము కలిగినది. మన ఆటగాండ్రలో అనేకులు నాడు బూట్లు లేకుండ ఆడినవారే. ఆ దెబ్బతో దేశమున బూట్లతో ఆడుట తప్పనిసరి యయ్యెను. పాత పద్ధతి పోయి కొత్త పద్ధతి వచ్చుచున్న ఆ సంధికాలముననే మన తంగరాజు మైదానమున ప్రవేశించెను.

ఆయన మొదట సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆడెను. 1953లో సైన్యమున చేరి, నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో గల మద్రాసు రెజిమెంటల్ సెంటరునకు పోయెను. అప్పటికి ఆయన ముందువరుసలో నడుమనుండి గోలు వేయు సెంటర్ ఫార్వర్డు. గోలు కాచువాడుగా మారినది సైన్యముననే. ఈ మార్పు చిన్నది కాదు. గోలు వేయుటకు పరుగులు తీసిన కుఱ్ఱవాడు వెనుకకు వచ్చి స్తంభముల మధ్య ఒంటరిగా నిలుచుట యనగా, చప్పట్లు మ్రోగు స్థానమును విడిచి, నిశ్శబ్దము గల స్థానమునకు వచ్చుట. కాని ఆ తొలి అనుభవము వృథా పోలేదని మా అభిప్రాయము. బంతిని తన్నబోవు వాడు ఏ మూలను ఎన్నుకొనునో, స్వయముగా తన్నినవానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు గదా!

ఆరడుగులను మించిన ఎత్తు, పొడవైన చేతులు, గాలిలో వచ్చు బంతిని గుంపు నడుమనుండి పైకెగసి అందుకొను ధైర్యము ఆయన సొత్తులు. ఆయన తన్నిన గోలుకిక్కు మైదానపు నడిమిగీత దాటి చాల దూరము పోయెడిదని ప్రసిద్ధి. ఆనాటి గోల్‌కీపరులకు నేటివలె మెత్తని రబ్బరు తొడుగులు లేవు. తోలుబంతి వానలో తడిసినచో బరువెక్కెడిది. బంతి పట్టినవానిని ప్రత్యర్థి భుజముతో ఢీకొట్టుటకు నాటి నిబంధనలు నేటికంటె ఎక్కువ అవకాశ మిచ్చెడివి. ఆ కాలపు గోల్‌కీపరునకు దేహబలము అలంకారము గాదు, అవసరము.

1955లోను, మరల 1958లోను మద్రాసు రెజిమెంటల్ సెంటరు జట్టు ఢిల్లీలో ప్రాచీనమైన డ్యూరాండ్ కప్పును గెలుచుకొనెను. ఆ జట్టునకు గోలు కాచినవాడు తంగరాజే. నడుమ 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సునకు పోయిన భారత జట్టులో ఆయనకు స్థానము లభించెను. రహీమ్ శిక్షణలో ఆ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనలు చేరి, తుదకు నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో అంతదూరము పోయిన తొలి ఆసియా దేశము మనదే. 1958లో టోక్యో ఆసియా క్రీడలలో మనకు పతకము దక్కలేదు. అయినను ఆ సంవత్సరమే తంగరాజు ఆసియాలో ఉత్తమ గోల్‌కీపరుగా ఎన్నికయ్యెను. 1960లో సర్వీసెస్ జట్టునకు నాయకుడై సంతోష్ ట్రోఫీని సంపాదించిపెట్టెను. ఆ సంవత్సరమే రోము ఒలింపిక్సులో భారతదేశము హంగరీ చేతిలో 2-1తోను, పెరూ చేతిలో 3-1తోను ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమమయ్యెను. ఎనిమిదేండ్ల క్రిందట పది గోలులు సమర్పించిన దేశము, ఐరోపాలో మేటి జట్లను ఒక్క గోలు తేడా వరకు నిలువరించినది. ఆ దూరమును కొలుచునప్పుడు గోలు వేసినవారితోపాటు గోలు కాచినవానిని కూడ లెక్కింపవలెను.

నాటి ఆటగాడు వృత్తిక్రీడాకారుడా యని నేటి యువకులు అడుగవచ్చును. పేరునకు కాదు. దేశవ్యాప్తమైన జాతీయ లీగు 1996లో గాని ప్రారంభము కాలేదు. సైన్యము, పోలీసు, రైల్వే వంటి సంస్థలు ఉద్యోగమిచ్చి పోషించినందువలననే ఆటగాడు ఆటకు అంకితము కాగలిగెను. పొట్టకు ఉద్యోగము, పేరునకు ఆట. కాని దినచర్య చూచినచో, తెల్లవారుజామున సాధన, సాయంకాలము పోటీ, ఊరూర టోర్నమెంటు. ఇది వృత్తిగాక మరేమి?

ఇక 1962వ సంవత్సరపు జకార్తా మాట. తొలిపోటీలో మన జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడెను. పిమ్మట థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3-2తోను గెలిచి, ఫైనలున మరల ఆ కొరియాకే ఎదురు నిలిచెను. అప్పటికే పరిస్థితులు ప్రతికూలముగా నుండెను. ఇండోనేషియా ప్రభుత్వము ఇజ్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయకపోవుటను భారత ప్రతినిధి జి.డి. సోంధీ ఆక్షేపించినందున, అచ్చటి ప్రజలు మనవారిపై ఆగ్రహించియుండిరి. భారత దౌత్య కార్యాలయముపై దాడి కూడ జరిగెను. సెప్టెంబరు 4వ తేదీన సెనయాన్ మైదానమున చేరిన లక్షమంది జనము మన జట్టును హేళన చేయుచుండిరి.

రహీమ్ ఆనాడు రెండు సాహసములు చేసెను. మొదటిది, రక్షణవరుసకు స్తంభము వంటివాడైన జర్నయిల్ సింగును ముందువరుసలో ఆడించుట. జర్నయిల్ తలకు థాయిలాండుతో ఆటలో గాయమై కుట్లు పడియుండెను. రెండవది, సెమీఫైనలులో గోలు కాచిన ప్రద్యోత్ బర్మన్‌కు బదులుగా, అస్వస్థత నుండి కోలుకొన్న తంగరాజును గోలులో నిలుపుట. కొరియావారు బంతిని ఎత్తుగా వేసి తలతో కొట్టుటలో నిపుణులు. ఆ ఎత్తునకు ఎత్తుగా నిలువగలవాడు తంగరాజని రహీమ్ తలచెను.

17వ నిమిషమున పి.కె. బెనర్జీ గోలు వేసెను. 20వ నిమిషమున జర్నయిల్ సింగ్ రెండవ గోలు వేసెను. చరిత్ర చెప్పువారు సాధారణముగా ఇక్కడ ఆగుదురు. కాని పాఠకులు ఒక్క క్షణము ఆలోచింపవలెను. ఆట 90 నిమిషములు. మన గోలులు రెండును మొదటి 20 నిమిషములలోనే ముగిసినవి. మిగిలిన 70 నిమిషములు ఏమి జరిగినది? తన మేటి రక్షకుని ముందువరుసకు పంపుకొన్న జట్టు, తొలిపోటీలో తన్ను ఓడించిన ప్రత్యర్థిని, పగబట్టిన ప్రేక్షకుల నడుమ నిలువరించినది. కొరియా గోలు 85వ నిమిషమున గాని పడలేదు. 2-1తో స్వర్ణపతకము మనదైనది. అరుణ్ ఘోష్, ఫ్రాంకో ప్రభృతులు ముందు నిలిచి పోరాడిరి. వారిని దాటి వచ్చినదానికి చివరి అడ్డుగోడ తంగరాజు. ఆ పతకములో ఆయన పాలు ఎంతయో అంకెలలో చెప్పుటకు వీలులేదు. ఆయన లేనిచో పతకము ఉండెడిదా యను ప్రశ్న మాత్రము విడువదు. ఆ పిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మనకు స్వర్ణము మరల లభింపలేదు. రహీమ్ 1963 జూన్ 11వ తేదీన కాన్సరు వ్యాధితో మరణించెను.

తంగరాజు మిగిలిన జీవితము బెంగాలుతో ముడిపడినది. 1960 తరువాత ఆయన కలకత్తాలోని మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అను మూడు మహాజట్లకును గోలు కాచెను. పరస్పర వైరమునకు పేరుపొందిన ఆ మూడు జట్లును ఒకే మనిషిని కోరుకొనుటకంటె యోగ్యతాపత్రము వేరొకటి ఏల? 1967లో భారత ప్రభుత్వము అర్జున పురస్కారముతో గౌరవించెను. 1971లో ఆట చాలించి, గోవాలో వాస్కో జట్టునకు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమునకు శిక్షకుడై, తుదకు బొకారో ఉక్కు కర్మాగారపు అకాడమీలో పిల్లలకు ఆట నేర్పుచు గడపెను. 2008 నవంబరు 24వ తేదీన బొకారోలోనే దివంగతుడయ్యెను. పుట్టినది హైదరాబాదు, పెరిగినది సికిందరాబాదు, ఆడినది దేశమంతయు, కన్నుమూసినది జార్ఖండు.

గోల్‌కీపరును పెద్దగా తలపని మన స్వభావము ఒక్క సందర్భమున మాత్రము మారును. గోలులు సమమై, ఫలితము పెనాల్టీ తన్నులపై ఆధారపడినపుడు అందరి కన్నులును ఆతనిపైననే నిలుచును. 2022 మార్చి 20వ తేదీన గోవాలో, హైదరాబాదు పేరు ధరించిన జట్టు కేరళ బ్లాస్టర్సును ఆ విధముగా ఓడించి ఇండియన్ సూపర్ లీగును గెలిచినపుడు, మూడు పెనాల్టీలను ఆపిన లక్ష్మీకాంత్ కట్టిమణి పేరు దేశమంతట మ్రోగినది. అది న్యాయమే. కాని తంగరాజు కాలమున అట్టి ఘడియ అరుదు. ఆయన సేవ అంతయు నడియాటలో, ఎవరును లెక్కవ్రాయని నిమిషములలో జరిగిపోయినది.

కళ్లములో కావలి పండుకొన్నవాడు తెల్లవారి దుప్పటి దులుపుకొని ఇంటికి పోయెడివాడు. ధాన్యము కొలుచునపుడు ఆతని పేరు ఎవరును తలపరు. కాని ఆ కొలత పూర్తిగా ఉన్నదనిన, దానికి కారణము ఆతడే. 1962 నాటి స్వర్ణపతకమును గురించి మన పిల్లలకు చెప్పునపుడు, మొదటి 20 నిమిషములతోపాటు తక్కిన 70 నిమిషములను గురించి కూడ చెప్పుదుము గాక. సికిందరాబాదు మైదానముల నుండి వెడలిన ఆ పొడగరి సైనికునకు మనము చెల్లింపవలసిన బాకీ అంతమాత్రమే.