ఇటలీలో యూరోకే ఇల్లు సరే.. సిద్దిపేటలో ప్లాటు కొనాలంటే ఎన్ఆర్ఐలు, ఓసీఐలు తెలుసుకోవాల్సిన రూల్స్ ఇవే!

ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు! ఈ వీడియో రాని ఫోన్ లేదంటే అతిశయోక్తి కాదు. సిసిలీ దీవిలోని సంబుకా అనే చిన్న ఊరు 2019లో పాడుబడ్డ ఇళ్లను ఒక్క యూరో ప్రారంభ ధరకు వేలం పెట్టింది. అంతే.. ప్రపంచమంతా అటే చూసింది. జనం పట్టణాలకు, పరాయి దేశాలకు వెళ్లిపోవడంతో ఖాళీ అయిపోయిన ఊళ్లవి. అయితే అసలు ఖర్చు ఇల్లు కొన్నాకే మొదలవుతుంది. మూడేళ్లలో రిపేర్లు పూర్తి చేయాలి. గ్యారంటీగా 5,000 యూరోలు డిపాజిట్ కట్టాలి. ఇల్లు కొన్నంత మాత్రాన అక్కడ ఉండటానికి వీసా రాదు. ఇంకో మెలిక కూడా ఉంది. బయటి దేశాల వాళ్లు కొనడానికి వస్తే, 'మీ దేశంలో మావాళ్లు ఆస్తి కొనొచ్చా?' అని ఇటలీ చట్టం అడుగుతుంది.

అదే ప్రశ్నను మన దగ్గర వేస్తే? సిద్దిపేటలో విదేశీయులు ఇల్లో, ప్లాటో కొనొచ్చా? ఇదేదో టైంపాస్ ప్రశ్న కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న సిద్దిపేట బిడ్డ కూడా చట్టం లెక్కలో విదేశీయుడే. దుబాయ్‌లో పనిచేసే దుబ్బాక కుర్రాడు భారత పౌరుడే అయినా, భూమి కొనే దగ్గర ఆయనకు వర్తించే రూల్ వేరు. ఈ తేడా తెలియక ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బును చిక్కుల్లో పెట్టుకునే ప్రమాదం ఉంది.

ముందు మీరు ఏ లెక్కలోకి వస్తారు?

ఈ విషయంలో అసలు చట్టం ఫెమా. దాని కింద 2019లో వచ్చిన నాన్ డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూల్స్ ప్రకారమే అన్నీ నడుస్తాయి. భారత పాస్‌పోర్టు ఉండి ఉద్యోగం, వ్యాపారం కోసం విదేశాల్లో ఉంటే ఎన్ఆర్ఐ. గ్రీన్ కార్డు వచ్చినా పాస్‌పోర్టు మనదే అయితే ఎన్ఆర్ఐ కిందే లెక్క. వేరే దేశ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందినవాళ్లు ఓసీఐలు. ఈ ఇద్దరూ ఇల్లు, ఫ్లాటు, ఇంటి స్థలం, షాపు కొనుక్కోవచ్చు. రిజర్వ్ బ్యాంకు పర్మిషన్ అక్కర్లేదు. ఎన్ని కొనాలన్న పరిమితి కూడా లేదు.

ఓసీఐ కార్డు లేకుండా విదేశీ పాస్‌పోర్టు మాత్రమే ఉంటే సీన్ మారిపోతుంది. విదేశాల్లో ఉంటున్న, మన మూలాలు లేని విదేశీయులు ఇక్కడ ఆస్తి కొనలేరు. ఐదేళ్లు మించని లీజుకు మాత్రం తీసుకోవచ్చు. ఓసీఐని పెళ్లాడిన తెల్ల కోడలి సంగతేంటి? దానికీ దారి ఉంది. పెళ్లి రిజిస్టర్ అయి, కనీసం రెండేళ్లు గడిస్తే.. ఎన్ఆర్ఐ లేదా ఓసీఐ జీవిత భాగస్వామితో కలిసి ఉమ్మడిగా ఒక్క ఆస్తి కొనొచ్చు. అంతకు మించి కుదరదు.

అసలు చిక్కు గుంటల్లోనే

వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోట. ఈ మూడూ ఎన్ఆర్ఐలు కొనకూడదు, ఓసీఐలు కూడా కొనకూడదు. గిఫ్ట్‌గా కూడా తీసుకోకూడదు. గల్ఫ్‌లో కష్టపడి ఎకరం కొందామనుకునే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. చాలామందికి ఇది చేదుగానే ఉంటుంది. కానీ రూల్ రూలే.

'ఫామ్ ప్లాట్లు' అంటూ ఫోన్లలో తిరిగే యాడ్స్ దగ్గర జాగ్రత్త పడాల్సింది ఇందుకే. రెండు గుంటలు, ఐదు గుంటలు, చుట్టూ ఫెన్సింగ్, లోపల పది మామిడి మొక్కలు. గుంట అంటే 121 గజాలు. చూడటానికి ప్లాటులాగే ఉంటుంది, పేరులోనూ ప్లాటు ఉంటుంది. కాగితాల్లో మాత్రం అది వ్యవసాయ భూమే. రిజిస్ట్రేషన్ ఎక్కడ చేస్తారని అమ్మేవాళ్లను ఒక్క మాట అడిగితే చాలు, విషయం తేలిపోతుంది. తహసీల్దార్ ఆఫీసులో చేసి పట్టాదారు పాస్‌బుక్ ఇస్తామంటే అది సాగు భూమి అన్నట్టు. ఇంటి స్థలమైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాలి.

రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి సేఫ్ అనుకోవడానికీ లేదు. ఫెమా ఉల్లంఘన అని తేలితే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా వేసే అధికారం చట్టంలో ఉంది. అమ్మినప్పుడు డబ్బు విదేశాలకు పంపాలన్నా బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న, 'ఎలా కొన్నారు?' అనే.

భూమిని వ్యవసాయేతరంగా మార్చిన తర్వాత కొంటే ఇబ్బంది లేదు. ఆ మార్పు కొనకముందే, అమ్మే రైతు పేరు మీదే పూర్తవ్వాలి. 'ముందు రిజిస్ట్రేషన్ చేసుకోండి, తర్వాత మార్పిస్తాం' అనే మాట ఎన్ఆర్ఐల విషయంలో చెల్లదు. ఇంకో సంగతి.. భూమి వ్యవసాయేతరంగా మారినంత మాత్రాన లేఅవుట్‌కు అనుమతి వచ్చినట్టు కాదు. రెండు కాగితాలూ వేర్వేరుగా చూసుకోవాలి.

నాన్న పేరు మీద కొంటే?

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. కొడుకు డాలర్లు పంపుతాడు, ఊళ్లో నాన్న పేరు మీద పొలం కొంటారు. డబ్బును తండ్రికి గిఫ్ట్‌గా ఇచ్చి, ఆయన తన కోసం కొనుక్కుంటే ఆ పొలం నిజంగానే ఆయనది. పేరు మాత్రమే ఆయనది, అసలు ఓనర్ కొడుకే అని లోపల ఒప్పందం ఉంటే బినామీ చట్టం తలుపు తడుతుంది. భార్య, పిల్లల పేరు మీద సొంత డబ్బుతో కొనేవాళ్లకు ఆ చట్టంలో మినహాయింపు ఉంది. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్ల పేరు మీద కొన్నప్పుడు మాత్రం డబ్బు పెట్టినవాళ్ల పేరు కూడా ఉమ్మడి ఓనర్‌గా కాగితాల్లో ఉంటేనే ఆ మినహాయింపు దొరుకుతుంది. పొలం విషయంలో ఎన్ఆర్ఐ తన పేరు పెట్టుకోలేడు. చిక్కుముడి పడేది సరిగ్గా ఇక్కడే.

వీలునామా లేకుండా తండ్రి కాలం చేస్తే ఆ పొలం పంపిన కొడుక్కే రాదు. తల్లికి, తోబుట్టువులకూ వాటా వస్తుంది. అందులో తప్పేం లేదు, అది చట్టం. కానీ 'డబ్బు నాది' అని తర్వాత గొడవ పడితే నిలబడే కాగితం ఉండదు. వారసత్వంగా వచ్చే భూమికి మాత్రం తలుపులు తెరిచే ఉన్నాయి. తాతల నాటి పొలమైనా, తండ్రి కొన్నదైనా ఎన్ఆర్ఐ, ఓసీఐ వారసులు తీసుకోవచ్చు. అమ్మాలనుకుంటే మాత్రం ఇక్కడే ఉంటున్న భారత పౌరులకే అమ్మాలి. ఇంకో ఎన్ఆర్ఐకి అమ్మకూడదు.

సిద్దిపేటలో ఏం చూసుకోవాలి?

2016 అక్టోబర్ 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్లు. 2023 అక్టోబర్ 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు మొదలైంది. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి వరకు వేస్తున్న లైన్‌లో ఇదో భాగం. గజ్వేల్ మీదుగా రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం ప్లాన్ ఉంది. రైలు, రింగు రోడ్డు, రిజర్వాయర్.. ప్లాట్ల యాడ్స్‌లో ఈ మూడు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి.

అవే మూడు మాటలు రిస్క్ కూడా. రోడ్డుకు దగ్గరగా ఉందంటే మంచిదే, రోడ్డులోనే పోతే కష్టం. రింగ్ రోడ్డు భూసేకరణలో ఆ సర్వే నంబర్ ఉందా లేదా చూసుకోవాలి. 50 టీఎంసీల మల్లన్నసాగర్ కోసం తొగుట, కొండపాక మండలాల్లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. అటువైపు కొనేటప్పుడు ఆ సర్వే నంబర్ సేకరణలో పోయిందేమో ఆరా తీయాల్సిందే. చెరువు పక్క ప్లాటు అంటే ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దులు ఎక్కడిదాకా ఉన్నాయో ఇరిగేషన్ వాళ్ల మ్యాప్‌లో చూడాలి. ఎండాకాలంలో వెళ్లి చూస్తే అన్ని చెరువులూ మైదానాల్లాగే కనిపిస్తాయి మరి!

సిద్దిపేట పట్టణం చుట్టూ లేఅవుట్ల వ్యవహారం పట్టణాభివృద్ధి సంస్థ 'సుడా' చూస్తుంది. జిల్లాలో హైదరాబాద్ వైపున్న ములుగు, వర్గల్ లాంటి మండలాలు హెచ్ఎండీఏ కిందికి వస్తాయి. 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లకు మించినా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. రెరా నంబర్ రాకముందే 'ప్రీ లాంచ్ ఆఫర్' అని డబ్బు అడిగితే అది చట్ట విరుద్ధం. నంబర్ ఇస్తే రెరా వెబ్‌సైట్‌లో ఫోన్‌లోనే చెక్ చేసుకోవచ్చు.

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఈసీ, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కనీసం 30 ఏళ్లది తీయించడం మంచిది. నిషేధిత జాబితా, జనం భాషలో 22ఏ లిస్టు, అదీ చూడాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని కొన్నా ఆ కొనుగోలు చెల్లదు. 1977 నాటి చట్టం అదే చెబుతోంది. పొలం రికార్డులకు గతంలో ధరణి ఉండేది. 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది. లేఅవుట్ వేయకముందు ఆ సర్వే నంబర్ ఎవరి పేరు మీద ఉండేదో కూడా ఆరా తీయాలి.

డబ్బు ఎలా కట్టాలి?

విదేశాల నుంచి బ్యాంకు ద్వారా పంపినా, ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ, ఎఫ్‌సీఎన్ఆర్ ఖాతాల నుంచి కట్టినా ఓకే. డాలర్ నోట్లు చేతికివ్వడం, ట్రావెలర్స్ చెక్కులు కుదరవు. 'సగం బ్లాక్‌లో ఇవ్వండి' అంటే దూరంగా ఉండటమే మేలు. భూమి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు అడ్వాన్స్ తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా పెనాల్టీకి దారి. పైగా లెక్కల్లో లేని సొమ్ము రేపు అమ్మినప్పుడు ఖర్చు కింద చూపించలేరు.

తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం. ప్లాటు విలువ 20 లక్షలు అనుకుంటే 1.5 లక్షలు పక్కన పెట్టుకోవాలి. కొనే ఆస్తి 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాల్సింది కొనేవాళ్లే.

రాలేని వాళ్లకు జీపీఏ

సెలవు దొరక్క పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చేవాళ్లే ఎక్కువ. అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం అటెస్ట్ చేయించడం పాత పద్ధతి. అమెరికా లాంటి దేశాల్లో నోటరీ, అపొస్టిల్ దారి కూడా ఉంది. ఆ కాగితం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. 'అన్ని ఆస్తుల మీద అన్ని హక్కులు' అని రాసిచ్చే బదులు ఆ ఒక్క ప్లాటుకు, ఆ ఒక్క పనికి స్పెషల్ పవర్ రాయడం మేలు. బావమరిది ఎంత మంచివాడైనా సరే!

అటువైపు అమ్మేవాళ్లు 'జీపీఏ మీద ఇచ్చేస్తాం, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం' అంటే ఒప్పుకోవద్దు. జీపీఏతో హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

అమ్మేటప్పుడు..

రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, పైన సర్‌చార్జ్, సెస్. 2024 జూలై 23కు ముందు కొన్న ఇళ్లు, స్థలాలకు పాత ఇండెక్సేషన్ లెక్క ఎంచుకునే వెసులుబాటు ఇక్కడ నివసించే వాళ్లకే ఉంది. ఎన్ఆర్ఐలకు లేదు. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే ఆస్తి 50 లక్షల లోపు ఉన్నా కొనేవాళ్లు టీడీఎస్ పట్టుకోవాల్సిందే. అది కూడా ఒక శాతం కాదు, చాలా ఎక్కువ. అందుకే బేరం కుదరగానే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్‌కు అప్లై చేసుకుంటే డబ్బు రీఫండ్ కోసం ఇరుక్కోదు.

డబ్బు తిరిగి విదేశానికి తీసుకెళ్లాలంటే, కొన్నప్పుడు విదేశీ కరెన్సీలో లేదా ఎన్ఆర్ఈ ఖాతా నుంచి కట్టినంత వరకు పంపుకోవచ్చు. ఇళ్ల విషయంలో ఈ సౌకర్యం రెండు ఆస్తులకే. మిగతాది ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి పన్నులు కట్టాక ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. ఇందుకు కొన్ననాటి బ్యాంకు స్టేట్‌మెంట్, సేల్ డీడ్, సీఏ సర్టిఫికెట్ అడుగుతారు. పదేళ్ల కిందటి ట్రాన్స్‌ఫర్ రసీదు కోసం అప్పుడు వెతుక్కునే బదులు, కొన్న రోజే స్కాన్ చేసి మెయిల్‌లో పెట్టుకుంటే సరిపోతుంది.