ఆరెన్స్‌బుర్గ్ గుంటలో దొరికిన బాణాలు

నేను చదివింది అరవ మీడియం. తెలుగు రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

జర్మనీ ఉత్తరాన హాంబుర్గ్ పక్కన ఆరెన్స్‌బుర్గ్ అనే ఊరుంది. అక్కడ "టన్నెల్ లోయ" ఉందని చదవగానే, గుమాస్తా బుద్ధి కదా, రైలు సొరంగం అనుకున్నాను. కాదట. మంచుయుగంలో పెద్ద మంచు పలకల అడుగున నీళ్లు పారి తొలిచిన లోయ అది. అయినా రైలు కూడా ఉంది లెండి. 1865లో వేసిన హాంబుర్గ్–లూబెక్ లైను ఆ లోయలోంచే పోతుంది.

ఆ లోయ చరిత్రను బయటికి తీసినవాడు ప్రొఫెసర్ కాదు, ఎలక్ట్రీషియన్. పేరు ఆల్‌ఫ్రెడ్ రుస్ట్, 1900లో పుట్టాడు. 1930లో సైకిలెక్కి సిరియా దాకా పోయాడు! అక్కడ యబ్రూద్‌లో ఆదిమానవుల గుహలు తవ్వాడు. 1933లో సొంత ప్రాంతంలో మైయెన్‌డోర్ఫ్ దగ్గర, తర్వాత స్టెల్‌మూర్ దగ్గర పని మొదలుపెట్టాడు.

అతని ఆలోచన చాలా మామూలుది. వేటగాళ్లు చెరువు ఒడ్డున దిగితే చెత్త ఎక్కడ పారేస్తారు? నీళ్లలోనే కదా. ఒడ్డున రాళ్లే మిగులుతాయి, బురదలో అయితే ఎముక, కట్టె కూడా చెడవు. అందుకని పాత చెరువు ఉన్నచోట పంపులతో నీళ్లు తోడించి అడుగుదాకా తవ్వాడు. స్టెల్‌మూర్‌లో మంచు జింకల ఎముకలు వేలకొద్దీ దొరికాయి. వాటితోబాటు సుమారు 12 వేల ఏళ్లనాటి పైన్ కట్టె బాణాలు, 100కు పైగా! కొన్నిటికి ముందు ముక్క వేరే. విరిగితే అది ఒక్కటి మార్చుకుంటే చాలు. మన వర్క్‌షాపువాళ్లు వింటే సంతోషిస్తారు.

రుస్ట్ నాజీల పరిశోధన సంస్థ కోసం కూడా తవ్వాడు, అది దాచకూడదు. ఊళ్లోని తెల్లటి కోట కథా అంతే. 1759లో దాన్ని కొన్న షిమ్మెల్‌మన్ బానిసల వ్యాపారంలోనూ డబ్బు చేసుకున్నవాడు.

బురద 12 వేల ఏళ్లు కాపాడిన ఆ బాణాలు బయటికొచ్చి పదేళ్లయినా కాకముందే, రెండో ప్రపంచ యుద్ధంలో చాలావరకు నాశనమయ్యాయి. 1943లో రుస్ట్ అచ్చువేసిన పుస్తకం ఉండబట్టి వాటి సంగతి మనకు తెలిసింది. ఇప్పుడేమో ఆ రైలు లైనుకు ఇంకా పట్టాలు వేయాలంటున్నారు, లోయ ఏమవుతుందోనని అక్కడ తగువు నడుస్తోంది. ముప్పై ఏళ్లు రైల్వే ఉప్పు తిన్న నాకే ఎటు చెప్పాలో తోచడం లేదు.

ఒక్క మాట. మన సంఘం బీరువాలో పాత మినిట్స్ పుస్తకాలు, పెద్దల ఫోటోలు ఉన్నాయి, కొన్నిటికి చెద పట్టింది. వచ్చే ఆదివారం పొద్దున వస్తాను. ఫోనులో బాగా ఫోటో తీయగల పిల్లలెవరైనా తోడు రండి.