కొలువులో నుండి శిక్షణ: ప్రాథమికోపాధ్యాయుల మిశ్రమ విద్యావిధానము – ఒక విచారణ

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినప్పుడు, శిక్షణార్హత లేకయే బడులలో పాఠములు చెప్పుచున్నవారికి ఐదేండ్ల గడువీయబడెను. ఆ గడువు 2015 మార్చితో ముగిసినను అట్టివారు లక్షల సంఖ్యలో మిగిలియుండుటచేత, 2017 ఆగస్టులో పార్లమెంటు చట్టమును సవరించి గడువును 2019 మార్చి 31వ తేదీ వఱకు పొడిగించెను. ఇంతమందిని బడులు మాన్పించి రెండేండ్లపాటు శిక్షణ కళాశాలలలో కూర్చుండబెట్టుటకు కళాశాలలు చాలవు. వారందఱిని ఒక్క దినమున తొలగించినచో పిల్లలకు పాఠము చెప్పువారుండరు. ఈ రెంటి నడుమ దొరకిన త్రోవయే, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ నడిపిన ప్రాథమిక విద్యా డిప్లొమా, అనగా డీఎల్‌ఎడ్ దూరవిద్యా పాఠ్యక్రమము. అచ్చుపుస్తకమును, అంతర్జాల పాఠమును, సెలవుదినముల సంపర్క తరగతిని, ఉపాధ్యాయుని సొంత బడిని కలిపిన ఆ మిశ్రమ విధానమున ఏ పాలు ఎంతవఱకు పనిచేయగలదో, ఏ పాలు లోపించినచో తక్కినవి నిష్ఫలమగునో విచారించుట ఈ వ్యాసమున నాకుద్దిష్టము.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2017 సెప్టెంబరులో అనుమతింపగా మఱుసటి నెలలో మొదలైన ఆ పాఠ్యక్రమమునకు 18 మాసములు కాలపరిమితి. 12 లక్షలకు మించిన ఉపాధ్యాయులు అందు చేరిరి. వారిలో బిహారు, ఉత్తరప్రదేశ్ మొదలగు ఉత్తరాది రాష్ట్రములవారే అధికులు. తెలుగునాట ప్రభుత్వ పాఠశాలల ప్రాథమికోపాధ్యాయ (ఎస్‌జీటీ) పోస్టులకు నియామక పరీక్షయైన డీఎస్సీలో శిక్షితులే పోటీపడుచుండుటవలన ఈ సమస్య ముఖ్యముగా ప్రైవేటు బడులకు, విద్యావాలంటీర్లకు సంబంధించినదై యుండెను. అదే సంవత్సరము జులైలో ఆరంభమైన ‘స్వయం’ వేదిక ఈ పాఠ్యక్రమమునకు ఆధారము. వీడియో పాఠము, చదువుకొనదగిన పాఠ్యము, స్వీయపరీక్ష, సందేహములకు చర్చ అని దానికి నాలుగంగములు. కార్యశాలలు, బోధనాభ్యాసము వేఱు.

ఈ విధానమును తక్కువ రకపు చదువని ఈసడించువారున్నారు. నేనట్లు తలపను. ఒక చిన్న పట్టణమున ప్రైవేటు బడిలో ఒకటవ తరగతి చెప్పు పంతులమ్మ దినచర్యను తలచుకొనుడు. తెల్లవాఱక మునుపే లేచి వంట ముగించి, తన బిడ్డలను సిద్ధపఱచి, షేర్ ఆటోలో బడికి చేరి, సాయంకాలమువఱకు నిలుచుండి పాఠములు చెప్పి, ఇంటికి వచ్చి నాలుగు ట్యూషన్లు చెప్పి, అందఱును నిద్రించిన పిదప నోటుబుక్కులు దిద్దుకొనునట్టి ఆమెకు, జిల్లా కేంద్రమునందలి ప్రభుత్వ శిక్షణ సంస్థయగు డైట్‌లో రెండేండ్లు పగటిపూట చదువుమనుట ఉద్యోగమును వదలుకొమ్మనుటయే. ఆమె జీతము మీదనే ఇంటి అద్దెయు, బిడ్డల ఫీజును నడచుచుండవచ్చును. రాత్రి పదింటికి సెల్‌ఫోనులో ఇరువది నిమిషములు పాఠము వినుట, ఆదివారము సంపర్క తరగతికి బస్సెక్కుట మాత్రమే ఆమెకు తెఱచియున్న ద్వారములు. వానిని మూయుట విద్యాప్రమాణములను రక్షించుట కానేరదు.

బోధించుచునే బోధన నేర్చుకొనుట మన నేలకు క్రొత్త గాదు. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో ఆ జిల్లా పాఠశాలలు 533గా లెక్కింపబడినవి. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. నేటి అనంతపురపు సీమ నాడు ఆ జిల్లాలో అంతర్భాగము. వీధిబడిలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు అక్షరములు దిద్దించుటను, ఇసుకలో వ్రేలితో వ్రాయించు పొదుపును క్యాంబెల్ మెచ్చుకొని, ఇంగ్లండు సైతము దానిని అనుకరించినదని వ్రాసెను. అంతకు మునుపే మద్రాసు అనాథశరణాలయమున ఆండ్రూ బెల్ ఈ పద్ధతినే ప్రయోగించి, 1797లో దానిపై ఇంగ్లండున గ్రంథము ప్రకటించియుండెను. అయితే ఆ నివేదికయందే క్యాంబెల్ మఱియొక మాటయు చెప్పెను: పిల్లలు వల్లెవేయు పద్యముల భాష వాడుక మాటకు దూరమైనది, వానికి అర్థము చెప్పగల ఉపాధ్యాయులు అరుదు. ఆ రెండవ మాటను మనవారు తఱచుగా విడిచివేయుదురు. పరిశోధకునకు అదియే విలువైనది. ఒకరినుండి మఱియొకరికి పనిలోనే సంక్రమించు విద్యలో నేర్పు సంక్రమించినట్లే పొరపాటును సంక్రమించును. దిద్దు కన్ను లేనిచోట పొరపాటే సంప్రదాయమగును.

1856లో మద్రాసునందు ఉపాధ్యాయ శిక్షణకై నార్మల్ స్కూలు నెలకొల్పబడుటతో మన ప్రాంతమున శిక్షణ బడినుండి వేఱుపడి కళాశాలకు చేరెను. దిద్దు కన్ను దొరకినది గాని, దిద్దవలసిన పని దూరమయ్యెను. మిశ్రమ విధానము ఈ రెంటిని మరల ఒకచోట చేర్పగలదా యన్నదే నేటి ప్రశ్న.

ఇచ్చట గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని స్మరింపక ముందునకు పోజాలను. 1863లో జన్మించిన ఆయన, మెట్రిక్యులేషను ముగిసిన వెంటనే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, కొలువు చేయుచునే ప్రైవేటుగా చదివి పట్టభద్రుడయ్యెను. అంతకంటె ముఖ్యముగా, సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పదలచినప్పుడు ముందుగా తానే వారి భాషకు విద్యార్థియై, ఆ భాషలో పాఠపుస్తకములు వ్రాసి, బడి పెట్టెను. కొలువులో నుండి నేర్చుకొనుట అనగా పట్టా కొఱకు రాత్రులు చదువుట యొక్కటే కాదు. పగలు తన యెదుట కూర్చున్న పిల్లవానిని చదువుట కూడనని ఆయన జీవితము చూపుచున్నది. ఈ రెండవ చదువును తెరపై పాఠము నేర్పునా? ఒక ఉదాహరణము చూతము.

రెండవ తరగతి గది. పంతులమ్మ నల్లబల్లపై 42లోనుండి 17 తీసివేయుడని లెక్క వ్రాసినది. ఒక పిల్లవాడు పలకపై 35 అని చూపినాడు. శిక్షణ లేనివారు తప్పుగుర్తు పెట్టి ప్రక్క పలకకు పోవుదురు. అచ్చుపుస్తకమును చదివి, వీడియోను చూచి పరీక్ష వ్రాసినవారికి స్థానవిలువలు, పదుల కట్టలు, ‘అప్పు తెచ్చుకొనుట’ అన్నియు తెలియును, వారు లెక్కను మరల మొదటినుండి చెప్పుదురు, పిల్లవాడు తలయూచును, మఱునాడు 53లోనుండి 28 తీసివేయుమనగా మరల 35 అనియే వ్రాయును. ఎందుకనగా వాని తప్పు తెలియనితనమున పుట్టినది కాదు, వాడు కల్పించుకొనిన ఒక నియమమున పుట్టినది. “ఎలా చేశావు నాన్నా, చెప్పు” అని అడిగినచో వాడే చెప్పును: “రెండులోంచి ఏడు పోదు కదా టీచర్, అందుకే ఏడులోంచి రెండు తీశాను.” ఆ ఒక్క వాక్యము వినిన పంతులమ్మ చీపురుపుల్లలు పదేసి చొప్పున నాలుగు కట్టలు కట్టి, విడిగా రెండు పుల్లలు పెట్టి, “ఇందులోంచి ఏడు పుల్లలు నాకివ్వు” అనును. వాడు రెండు పుల్లలిచ్చి ఆగును, కట్టలవైపు చూచును, ఆమె నోరు మెదపక నిలుచును, కొంతసేపటికి వాడే ఒక కట్ట విప్పును. పండ్రెండు పుల్లలలో ఏడు పోగా ఐదు, మూడు కట్టలలో ఒకటి పోగా రెండు. పలకపై 25 పడును.

ఈ ఘట్టమున శిక్షణ యెక్కడ నున్నది? పుల్లల కట్టలలో లేదు, అవి వీడియోలోను ఉన్నవి. “ఎలా చేశావు” అను ప్రశ్నలో నున్నది. అంతకు మించి, పిల్లవాడు కట్టను విప్పువఱకు తాను విప్పకుండ ఓర్చుకొనిన ఆ క్షణమున నున్నది. నలుబది మంది పిల్లల సందడిలో, సిలబసు తొందరలో ఆ ఓర్పు ఎవరికి వారుగా అలవడుట అరుదు. వెనుక బల్లపై కూర్చుండి చూచి, గంట కొట్టిన పిదప “మీరక్కడ తొందరపడి కట్ట విప్పేశారు, వాడు విప్పబోతున్నాడు చూడండి” అని నెమ్మదిగా చెప్పు అనుభవజ్ఞుడు కావలెను. చదువుటలోను ఇంతే. ‘మ’కు ‘య’కు తేడా పట్టని పిల్లవాడు, ఒత్తు కనబడగానే మాటను ఊహించి చదువు పిల్లవాడు ఎక్కడ తడబడుచున్నాడో వినగల చెవి పక్కనుండి వినిపించువారు లేక రాదు.

కావున మిశ్రమ విధానమున నాలుగు పాళ్ళలో సొంత బడియే ప్రాణము. తక్కిన మూడు పాళ్ళకు నియంత్రణ సులభము: పుస్తకమును అచ్చు వేయవచ్చును, వీడియో ఎందఱు చూచిరో లెక్కింపవచ్చును, సంపర్క తరగతికి హాజరుపట్టీ పెట్టవచ్చును. బోధనాభ్యాసము మాత్రము చూచినవాని సత్యసంధతపై, నేర్పుపై ఆధారపడియుండును. అభ్యాసకుడు పనిచేయు బడిలో ప్రధానోపాధ్యాయుడే శిక్షణ పొందనివాడైనచో, లేక పంతులమ్మకు జీతమిచ్చు యాజమాన్యమే ఆమె పాఠమునకు యోగ్యతాపత్రము నీయవలసినచో, ఆ పత్రమున కేమి విలువ? పాఠ్యప్రణాళికల రికార్డు చక్కగా వ్రాసి, అట్టలు వేసి, చార్టులంటించి సమర్పించుట మన శిక్షణ సంస్థలలో చిరకాలముగా పాఠము చెప్పుటకు ప్రత్యామ్నాయమైనది. రెగ్యులర్ కళాశాలలకును ఈ దోషము తప్పలేదు. అయితే రెగ్యులర్ కోర్సున ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నాటి నిబంధనలు 20 వారముల పాఠశాలానుభవమును విధించినవి, దాని వెంట కళాశాల అధ్యాపకుడైనను ఉండును. దూరవిద్యలో ఆ యొక్కడును లేకపోవచ్చును.

ఈ డిప్లొమా చెల్లుబాటుపై న్యాయస్థానములలో జరిగిన వివాదము మాత్రము వేఱు దారిని పోయెను. 2023 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానము ఉత్తరాఖండ్ నియామకములకు సంబంధించిన వ్యాజ్యమున, 18 మాసముల ఈ డిప్లొమా రెండేండ్ల డిప్లొమాతో సమానము కాజాలదని తీర్పు చెప్పెను. లక్షలమంది కలవరపడిరి. 2024 డిసెంబరు 10న అదే న్యాయస్థానము, 2017 ఆగస్టు 10 నాటికి ఉద్యోగమునందుండి, 2019 ఏప్రిలు 1కి ముందుగా పాఠ్యక్రమమును పూర్తిచేసినవారి డిప్లొమా అన్యసంస్థలలో ఉద్యోగమునకును, పదోన్నతికిని చెల్లునని స్పష్టపఱచెను. గడువు పెట్టి చదివించిన ప్రభుత్వము మాటను నమ్మి రాత్రులు చదివినవారికి ఇది న్యాయమే. కాని శాస్త్రదృష్టితో చూచినచో 18 మాసములా, 24 మాసములా యను తగవు విషయమును చేరలేదు. ఐదేండ్లుగా ప్రతిదినము తరగతిలో నిలుచున్నవారికి ఆఱు మాసములు తక్కువయగుట లోపము కాదు. ఆ ఐదేండ్లలో ఒక్క పాఠమైనను తెలిసినవారు చూడకపోవుట లోపము.

2023 ఆగస్టు 11న బీఎడ్ పట్టా ప్రాథమిక తరగతుల బోధనకు అర్హత కాదని సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన తీర్పు ఈ విషయమున మఱింత లోతైనది. చిన్నపిల్లలకు చెప్పుట పెద్దపిల్లలకు చెప్పుటలో ఒక సులభభాగము కాదని, దానికి వేఱుగా విద్యయున్నదని ఆ తీర్పు గుర్తించెను. ఆ తీర్పునకు ముందే నియమింపబడిన బీఎడ్ ఉపాధ్యాయులకు ఆఱు మాసముల బ్రిడ్జికోర్సు నేర్పఱచుమని 2024 ఏప్రిలులో ఆ న్యాయస్థానమే ఆదేశింపగా, ఆ భారమును జాతీయ సార్వత్రిక విద్యా సంస్థపైననే పడినది. అనగా అదే మిశ్రమ విధానము, అదే పరీక్ష, మరల మన యెదుట.

2020 నాటి జాతీయ విద్యావిధానము మాఱుమూల ప్రాంతములవారికిని, ఉద్యోగమునందున్న ఉపాధ్యాయులకును మిశ్రమ లేక దూరవిద్యా పద్ధతిలో బీఎడ్ నడపుటను అంగీకరించుచు, మార్గదర్శకులకును బోధనాభ్యాసమునకును గట్టి యేర్పాటుండవలెనని షరతు పెట్టినది. ఆ షరతు కాగితముపై నిలిచిపోకుండుటకు నాకు తోచిన ఉపాయమొక్కటి కలదు. తెర దిశను మార్చవలెను. ఇంతవఱకు అంతర్జాలము ఆచార్యుని పాఠమును పంతులమ్మ వద్దకు చేర్చుచున్నది. ఇకమీదట పంతులమ్మ పాఠమును ఆచార్యుని వద్దకు చేర్పవలెను. ఆమె తన తరగతిలో చెప్పిన పదునైదు నిమిషముల పాఠమును, పిల్లల మొగములు బయటికి పోకుండునట్లు జాగ్రత్తపడి, సెల్‌ఫోనులో చిత్రించి పంపును. ఆ పాఠమును ఆ జిల్లా డైట్ అధ్యాపకుడో, ముప్పదేండ్లు ఒకటవ తరగతి చెప్పి పదవీవిరమణ చేసిన మేష్టారో చూచి, ఏ నిమిషమున ఏమి జరిగినదో గుర్తించి, ఆమెతో అరగంట మాటలాడును. ఏడాదికి రెండు మాఱులైనను ఆయన స్వయముగా ఆ తరగతిలో కూర్చుండును. మేష్టార్లకు మన పల్లెలలో కొఱత లేదు. వారిని పిలుచువారు లేరు, బస్సుఛార్జీ ఇచ్చువారు లేరు.

చదువు ఏ వేళనైనను, ఏ చోటనైనను సాగనిండు; పుస్తకముల విషయమున, తేదీల విషయమున ఎంత సడలింపైనను ఇండు. చూడబడిన పాఠముల విషయమున మాత్రము సడలింప వలదు. డిప్లొమా పత్రముపై మార్కుల ప్రక్కన, ఈ ఉపాధ్యాయిని చెప్పిన పాఠములలో ఎన్నింటిని ఎవరు చూచిరో ఆ సంఖ్యయు, చూచినవారి సంతకములును అచ్చువేయుడని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలికి, రెండు తెలుగు రాష్ట్రముల విద్యాశాఖలకు నా విన్నపము.