బావిగట్టు ఇంజనుకు చుట్టం రేసుబోటు

80, 110. కిర్లోస్కర్ ఏవీ-1 డీజిల్ ఇంజను కొలతలివి. సిలిండర్ అడ్డకొలత 80 మిల్లీమీటర్లు, దాన్ని బోరు అంటారు. పిస్టన్ పైనుంచి కిందికి నడిచే దూరం 110 మిల్లీమీటర్లు, అది స్ట్రోకు. ఒక్కటే సిలిండర్, 553 సీసీ, నిమిషానికి 1500 చుట్లు, 5 హెచ్‌పీ. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ కంపెనీ ఇలాంటి చిన్న ఇంజన్లతోనే దేశమంతా రైతుల బావుల దాకా చేరింది.

అంతకు ముందు తరం ఇంగ్లండ్‌లోని డర్స్‌లీ పట్నం నుంచి వచ్చింది. లిస్టర్ కంపెనీ 1929లో తెచ్చిన నెమ్మది ఇంజను బోరు 114, స్ట్రోకు 140 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన 6 హెచ్‌పీ రకం కూడా నిమిషానికి 650 చుట్లే తిరిగేది. రాజ్‌కోట్ కార్ఖానాలు దాన్ని చూసి అచ్చం అలాంటివే పోతపోశాయి. ఎద్దుల మోట వెనకబడ్డాక కోరుట్ల చెరుకుకూ పసుపుకూ, జగిత్యాల వరికీ నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్లది ఈ వంశమే. సిరిసిల్లలో 1970లో సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట్లో సెస్, ఏర్పడి కరెంటు పొలాల దాకా నడిచింది. ఆయిల్ ఇంజను మెల్లగా పక్కకు జరిగి కరెంటు మోటారుకు చోటిచ్చింది.

నీళ్ల మీద గంటకు 200 కిలోమీటర్లు దూసుకుపోయే రేసుబోటుకూ ఈ బావిగట్టు ఇంజనుకూ చుట్టరికం ఉంది. కారు ఇంజనుతో కంటే దగ్గరి చుట్టరికం. కారు రోడ్డు మీద వేగం అందుకున్నాక ఇంజనుకు భారం తగ్గుతుంది. దిగుడులో ఊపిరి పీల్చుకుంటుంది, సిగ్నల్ దగ్గర ఆగుతుంది. బోటు ఇంజనుకు ఆ భాగ్యం లేదు. నీళ్లలో దిగుడు ఉండదు. కింద తిరిగే ప్రొపెల్లర్ చుట్లు రెట్టింపైతే అది అడిగే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. పంపులో ఇంపెల్లర్‌దీ ఇంచుమించు అదే లెక్క. పొద్దంతా నిండు భారం మోయాల్సిన బతుకే ఇద్దరిదీ. బంగ్లాదేశ్ రైతులు దీన్ని చేతల్లో చూపించారు. బోరుబావుల కోసం తెచ్చుకున్న చైనా డీజిల్ ఇంజన్లను వానాకాలంలో నాటుపడవలకు బిగించారు. అక్కడి నదుల మీద తిరిగే షాలో పడవలు అలా పుట్టినవే.

అందుకే బోటు ఇంజను కట్టేవాడు హెచ్‌పీ కంటే ముందు పిస్టన్ వేగం చూడాలి. లెక్క తేలికే. స్ట్రోకును రెండుతో, నిమిషం చుట్లతో హెచ్చవేసి, సెకను లెక్క కోసం 60తో భాగిస్తే చాలు. లిస్టర్‌లో పిస్టన్ సగటు వేగం సెకనుకు 3 మీటర్లు, ఏవీ-1లో 5.5. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు: పన్నా (బట్ట వెడల్పు) పెరిగితే నాడె పరిగెత్తే దూరం పెరుగుతుంది, చిన్న పన్నా సాంచా వేగంతో పెద్ద పన్నా సాంచాను తిప్పితే పోగులు తెగుతాయి. ఇంజనులో తెగేది కనెక్టింగ్ రాడ్డు. చుట్లు రెట్టింపైతే పిస్టన్‌ను ఆపి మళ్లీ లాగడానికి కావలసిన బలం నాలుగింతలవుతుంది. ఆ దెబ్బంతా రాడ్డు మీద, దాని బోల్టుల మీద పడుతుంది.

పోనీ స్ట్రోకు తగ్గించి బోరు పెంచితే? వాల్వులు పెద్దవి పెట్టుకోవచ్చు, ఇంజను బాగా ఊపిరి తీస్తుంది. కానీ వెడల్పు సిలిండర్‌లో మంట అంచుల దాకా పాకడానికి ఎక్కువ సేపు పడుతుంది. పెట్రోలు ఇంజనైతే ఈలోగా అంచున మిగిలిన ఇంధనం తనంతట తానే భగ్గుమంటుంది. నిండు భారంలో ఆ కొట్టుడు సాగితే పిస్టన్ తల కరిగిపోతుంది.

ఈ తూకం కోసం పడ్డ పాట్లే పవర్‌బోటు చరిత్ర. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, జెస్సీ విన్సెంట్, ఎల్బర్ట్ హాల్ అనే ఇద్దరు ఇంజనీర్లు వాషింగ్టన్‌లోని విల్లార్డ్ హోటల్లో కూర్చుని కొద్ది రోజుల్లోనే ఒక విమాన ఇంజనుకు నమూనా గీశారు. దాని పేరు లిబర్టీ. 12 సిలిండర్లు, బోరు 127, స్ట్రోకు 178 మిల్లీమీటర్లు, 27 లీటర్లు, 400 హెచ్‌పీ. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఇంజన్లను గార్ వుడ్ అనే అమెరికన్ కొని బోట్లకు ఎక్కించాడు. 1920లో అలాంటివి రెండు బిగించిన మిస్ అమెరికాతో ఇంగ్లండ్ వెళ్లి పవర్‌బోటు పందేల హార్మ్స్‌వర్త్ ట్రోఫీ గెలుచుకొచ్చాడు.

ఇంగ్లండ్ జవాబు రోల్స్‌రాయిస్ ఆర్ ఇంజను: బోరు 152, స్ట్రోకు 168, 36.7 లీటర్లు. ష్నైడర్ ట్రోఫీ విమాన పందేల కోసం పుట్టిన ఈ ఇంజను నుంచి 1931 నాటికి 3200 చుట్ల దగ్గర 2350 హెచ్‌పీ రాబట్టారు. అక్కడ పిస్టన్ వేగం సెకనుకు దాదాపు 18 మీటర్లు. ఆ బలంతో ఒక్క గంట విరగకుండా నడవడమే దానికి పెట్టిన పరీక్ష. అలాంటి రెండు ఇంజన్లున్న మిస్ ఇంగ్లండ్-2తో హెన్రీ సీగ్రేవ్ 1930 జూన్ 13న విండర్‌మియర్ సరస్సు మీద గంటకు 98.76 మైళ్ల రికార్డు నెలకొల్పాడు. వెంటనే మరో పరుగు తీస్తుండగా బోటు తలకిందులైంది. నీళ్లలో తేలుతున్న దుంగ తగిలి ఉంటుందని అంటారు. సీగ్రేవ్‌తో పాటు రోల్స్‌రాయిస్ ఇంజనీర్ విక్టర్ హాలీవెల్ కూడా చనిపోయాడు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ప్యాకార్డ్ 2500. బోరు 162, స్ట్రోకు 165, ఇంచుమించు సమానం. 12 సిలిండర్లలో సుమారు 41 లీటర్లు. ఇలాంటివి నాలుగు పెట్టి గార్ వుడ్ 1932లో మిస్ అమెరికా-10ను గంటకు 124.86 మైళ్ల వేగంతో నడిపాడు. ఒక్కోదాని నుంచి 1600 హెచ్‌పీ పిండాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం తన పీటీ బోట్లకు, అంటే గస్తీ టార్పెడో పడవలకు, ఇదే కుటుంబపు ఇంజన్లను మూడేసి చొప్పున పెట్టింది. తొలి రకాల్లో తీసుకున్నది 2400 చుట్ల దగ్గర 1200 హెచ్‌పీ మాత్రమే. పిస్టన్ వేగం సెకనుకు 13 మీటర్లు. పందెం కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది, గస్తీ రాత్రంతా సాగుతుంది. సిలిండర్ పెద్దదిగా ఉంచి, చుట్లు అదుపులో పెట్టి, బలంలో కొంత చేతిలో దాచుకోవడం ఎంత తెలివైన పనో ఈ అంకెల్లోనే ఉంది.

ఇవాళ సొంతంగా బోటు ఇంజను కట్టుకునేవారు తరచూ పట్టుకునేది షెవ్రొలే 454: బోరు 108, స్ట్రోకు 101.6 మిల్లీమీటర్లు, 7.4 లీటర్లు. 4600 చుట్ల దగ్గరే దాని పిస్టన్ వేగం సెకనుకు దాదాపు 15.6 మీటర్లు. దీన్ని ఇంకా బలంగా చేయాలనుకునేవాడికి మొదట వచ్చే ఆశ బోరింగ్. లేత్ షాపులో అరిగిన సిలిండర్‌ను కోసి సైజు పిస్టన్ వేయించిన ప్రతి మెకానిక్కుకూ దాని హద్దు తెలుసు. కోసే కొద్దీ గోడ పలచనవుతుంది. నిండు భారంలో పలచని గోడ వేడికి వంకర పోతుంది, రింగులు పట్టు తప్పుతాయి, కంప్రెషన్ కిందికి జారుతుంది. కోయించేముందు గోడ మందం కొలిపించాలి.

కొలతలన్నీ సరిగ్గా కుదిరినా ప్రొపెల్లర్ తప్పుగా ఎంచుకుంటే కష్టమంతా వృథా. పిచ్ (ఒక్క చుట్టులో ప్రొపెల్లర్ ముందుకు సాగాల్సిన దూరం) ఎక్కువైతే ఇంజను తన పూర్తి చుట్లు అందుకోలేదు, మూలుగుతూ వేడెక్కుతుంది. 5 హెచ్‌పీ ఇంజనుకు 10 హెచ్‌పీ పంపు తగిలించిన బావికాడ పొగగొట్టం నల్లగా కక్కేది ఇందుకే.